60 గజాల ఇల్లు సరిపోతుందా?

జుమా నమాజు ముగిసి జనం మస్జిదు మెట్ల దగ్గర చెప్పులు వెతుక్కుంటున్న వేళ ఒక యువకుడు దగ్గరికి వచ్చి సలాం చేశాడు. చిన్నప్పుడు నా దగ్గర ఖుర్ఆన్ చదువుకున్న పిల్లవాడు. ఇప్పుడు జీడిమెట్ల పారిశ్రామికవాడలో ఒక కంపెనీలో పని చేస్తున్నాడు. సుచిత్ర చౌరస్తాకు కాస్త దూరంలో కిరాయి ఇంట్లో కాపురం. ఇంట్లో తల్లి, భార్య, ఆరేళ్ల కొడుకు, మూడేళ్ల కూతురు.

"హజ్రత్, ఒక ఇల్లు చూశాను. 60 గజాలు. రెండు గదులు. ఆదివారం లోపల బయానా ఇవ్వమంటున్నారు. ఇవ్వమంటారా?" అని అడిగాడు.

"ఇంట్లో వాళ్లు ఏమన్నారు?" అన్నాను.

"అమ్మీకి నచ్చింది. పిల్లల తల్లికి ఇంకా చూపించలేదు."

"అయితే నా దగ్గరికి ముందుగా వచ్చేశావు బేటా. మొదట ఆమెకు చూపించు. ఆ తర్వాత ముగ్గురూ కలిసి రండి" అని పంపించాను.

పసిబిడ్డకు పాలు మాన్పించే విషయంలో సైతం తల్లిదండ్రులిద్దరూ పరస్పర అంగీకారంతో, సంప్రదింపులతో నిర్ణయించుకోవాలని దివ్య ఖుర్ఆన్ (బఖరా సూరా, 233వ ఆయతు) బోధిస్తోంది. పాలు మాన్పించడానికే సలహా సంప్రదింపులు కావాలంటే, ఆ బిడ్డ పెరిగి పెద్దయ్యే ఇంటిని కొనడానికి అక్కర లేదా? ఇంట్లో పగలంతా గడిపేది ఎవరు? వంట పొగ పీల్చేది ఎవరు? ఆమెను అడగకుండా బయానా ఇచ్చేవారు మనలో ఎందరో ఉన్నారు.

ఈ యువకుడి ప్రశ్న ఒక్కడిది కాదు. సుచిత్ర నుండి కొంపల్లి మీదుగా మేడ్చల్ దాకా, ఒకప్పుడు 7వ నెంబరుగా ఉండి ఇప్పుడు 44వ నెంబరుగా పిలవబడుతున్న జాతీయ రహదారికి రెండు వైపులా ఆకాశాన్నంటే అపార్టుమెంట్లు లేస్తున్నాయి. 2023 ఏప్రిల్‌లో సికింద్రాబాదు నుండి మేడ్చల్ వరకు ఎం.ఎం.టి.ఎస్. రైలు కూడా మొదలైంది. రోడ్డు, రైలు వచ్చిన చోట భూమి ధర ఆగదు. ఫ్యాక్టరీ పనివాడు, ఆటో నడిపేవాడు, మదర్సా పంతులు చేతిలో ఉన్న డబ్బుకు దొరికేది 50, 60 గజాలే. అందుకే ఈ విషయం గురించి నాలుగు మాటలు రాయాలనిపించింది.

విశాలమైన ఇల్లు కోరుకోవడం తప్పా?

కొందరు పెద్దలు "విశ్వాసికి ఎంత చిన్న ఇల్లయినా చాలు, పెద్ద ఇల్లు కోరడం దునియాదారీ" అంటారు. ఇది సరైన మాట కాదు. మనిషి అదృష్టాలలో ఉత్తమురాలైన భార్య, విశాలమైన నివాసం, మంచి పొరుగువాడు, సుఖమైన వాహనం ఉన్నాయని దైవప్రవక్త (స) చెప్పినట్లు హజ్రత్ సఅద్ బిన్ అబీ వఖ్ఖాస్ (రజి) ఉల్లేఖించారు. ఆయన (స) చేసిన దుఆలలో తన పాపాలు మన్నించమని, తన ఇంటిని విశాలం చేయమని, తన ఉపాధిలో శుభం కలిగించమని వేడుకున్న దుఆ కూడా ఉంది. కాబట్టి ఇరుకు ఇంట్లో ఉన్నవాడు వెడల్పు కోరుకుంటే తప్పు పట్టనక్కరలేదు.

అయితే ఆ దుఆ చేసిన ప్రవక్త (స) నివసించిన హుజ్రాలు ఎలా ఉండేవి? రాత్రి తహజ్జుద్ నమాజులో ఆయన సజ్దాకు వంగినప్పుడు తన కాలిని తట్టేవారని, అప్పుడు తాను కాళ్లు ముడుచుకునేదాన్నని, ఆ రోజుల్లో ఇళ్లలో దీపాలు ఉండేవి కావని హజ్రత్ ఆయిషా (రజి) చెప్పారు. ఒకరు పడుకుంటే మరొకరు సజ్దా చేయడానికి ఆ మాత్రమే చోటు. హజ్రత్ ఉస్మాన్ (రజి) ఖిలాఫతు కాలంలో పిల్లవాడిగా ఆ హుజ్రాల్లోకి వెళ్లేవాడినని, చెయ్యెత్తితే కప్పు అందేదని హసన్ బస్రీ (రహ్మలై) చెప్పారు. ఖలీఫా వలీద్ కాలంలో మస్జిదె నబవీ విస్తరణ కోసం వాటిని పడగొట్టినప్పుడు మదీనా ప్రజలు కంటతడి పెట్టారు. వాటిని అలాగే ఉంచితే బాగుండేదని, రాబోయే తరాలవారు చూసి ప్రవక్త (స) ఎంతతో సరిపెట్టుకున్నారో తెలుసుకునేవారని సయీద్ బిన్ ముసయ్యిబ్ (రహ్మలై) విచారపడ్డారు.

ఈ రెండింటినీ కలిపి చదువుకోవాలి. విశాలమైన ఇల్లు అల్లాహ్ అనుగ్రహం. దొరికితే షుక్ర్, దొరకకపోతే సబ్ర్. కానీ ఇంటి మంచి చెడులను కొలిచేది ఒక్క గజాల టేపు మాత్రమే కాదు. అన్ నహ్ల్ సూరా 80వ ఆయతులో అల్లాహ్ మన ఇళ్లను మనకు ప్రశాంతి నిలయాలుగా చేశానని గుర్తు చేశాడు. అక్కడ వాడిన మాట "సకన్". మనసు కుదుటపడే చోటు అని దాని భావం. ఆ ఇంట్లో మనసు కుదుటపడుతుందా లేదా అన్నదే అసలు ప్రశ్న.

సుద్దముక్కతో ఇల్లు

రెండు రోజుల తర్వాత ఆ కుటుంబం మా ఇంటికి వచ్చింది. కోడలు పరదా వెనుక నా భార్యతో కూర్చుంది. ఆమె ఇల్లు చూసింది. బాగుందో లేదో చెప్పలేకపోతున్నానంది. ఖాళీ గది ఎప్పుడూ పెద్దదిగానే కనిపిస్తుంది, సామాను చేరాకే దాని అసలు రూపం తెలుస్తుంది.

60 గజాలంటే 540 చదరపు అడుగుల నేల. అందులో గోడల మందం, మెట్లు, బాత్‌రూం పోగా మిగిలేదే మనది. అపార్టుమెంటు వాళ్లు చెప్పే లెక్కలోనయితే కారిడారు, లిఫ్టు, మెట్ల వాటా కూడా కలిసి ఉంటాయి. అందుకే 2016 నాటి రెరా చట్టం గోడల లోపల నిజంగా వాడుకునే చోటును, అంటే కార్పెట్ ఏరియాను బట్టి అమ్మాలని నిర్ణయించింది. 2015లో తెలంగాణ ప్రభుత్వం ప్రారంభించిన డబుల్ బెడ్‌రూం ఇళ్ల వైశాల్యం 560 చదరపు అడుగులు. కాబట్టి అయిదుగురు మనుషులు అంత చోటులో బతకలేరని అనడానికి లేదు. కానీ ఎలా బతుకుతారో ముందే చూసుకోవాలి.

"గదుల కొలతలు తెచ్చావా?" అని అడిగాను. తెచ్చాడు. "మీ కిరాయి ఇంటి మిద్దె మీద సుద్దముక్కతో ఆ గదులు గీయండి. అమ్మీ మంచం, ఫ్రిజ్, బీరువా, గ్యాస్ బండ, కుట్టుమిషన్ ఎక్కడ పెడతారో అన్నీ గీయండి. తలుపు ఎటు తెరుచుకుంటుందో కూడా గీయండి. ఆ గీతల మధ్య నలుగురూ ఒక సాయంత్రం కూర్చోండి" అన్నాను.

వాళ్లు అలాగే చేశారు. అప్పుడు కోడలికి ఒక సంగతి తెలిసింది. రాత్రి అమ్మీ బాత్‌రూంకు వెళ్లాలంటే వాళ్లిద్దరూ పడుకున్న గదిలోంచే దారి. అన్ నూర్ సూరా 58వ ఆయతులో ఫజ్ర్‌కు ముందు, మధ్యాహ్నం విశ్రాంతి వేళ, ఇషా తర్వాత ఈ మూడు సమయాల్లో పిల్లలు, సేవకులు కూడా అనుమతి అడిగి లోపలికి రావాలని ఆదేశం ఉంది. ఇంట్లోనే ఒకరి ఏకాంతాన్ని మరొకరు గౌరవించాలని దీనర్థం. గుడిసె అయినా సరే, అడ్డంగా ఒక పరదా కట్టుకోగలిగితే ఈ ఆదేశం పాటించవచ్చు. బంగళా అయినా సరే, దారి పడకగదిలోంచే ఉంటే పాటించడం కష్టం. ఇక్కడ బాత్‌రూం తలుపు రెండో వైపుకు మార్చితే సరిపోతుందని మేస్త్రీ చెప్పాడు. ఆ ఖర్చు లెక్కలో వేసుకున్నారు.

రెండో సంగతి పిల్లలది. ఏడేళ్లకు నమాజు ఆదేశించమని, పదేళ్లు వచ్చేసరికి వాళ్ల పడకలు వేరు చేయమని హదీసులో (అబూ దావూద్) ఉంది. కొడుక్కి ఇప్పుడు ఆరేళ్లు. అంటే ఇంకా నాలుగేళ్ల గడువు ఉంది. యువ దంపతులు ఇల్లు కొనేటప్పుడు ఈనాటి ఉయ్యాలను మాత్రమే చూస్తారు. నాలుగేళ్ల తర్వాతి మంచాన్ని చూడరు. పైన ఒక గది వేసుకునే వీలుందా అన్నది చిన్న ఇంటికి ప్రాణం వంటి ప్రశ్న. 2020 నాటి టి.ఎస్.బి.పాస్ చట్టం ప్రకారం 75 గజాల లోపు స్థలంలో 7 మీటర్ల ఎత్తు వరకు కట్టుకోవడానికి భవన నిర్మాణ అనుమతి అవసరం లేదు, ఆన్‌లైన్‌లో నమోదు చేసుకుంటే చాలు. కానీ చట్టం ఒప్పుకున్నంత మాత్రాన గోడ ఒప్పుకోదు. పిల్లర్లు ఉన్నాయా, ఉత్త గోడల మీదే స్లాబు వేశారా అన్నది తెలిసినవాడికి చూపించాలి.

బంగారం ఎవరిది?

డబ్బు లెక్క దగ్గరికి వచ్చాం. దాచుకున్న సొమ్ము కొంత ఉంది. మేనమామ వడ్డీ లేకుండా కర్జె హసనా ఇస్తానన్నాడు. మిగిలింది కోడలి ఆరు తులాల బంగారం. "అది అమ్మితే సరిపోతుంది హజ్రత్" అని అబ్బాయి ఎంతో తేలికగా అన్నాడు. పరదా వెనుక నుండి ఏ మాటా రాలేదు.

నేను అక్కడే ఆగాను. భార్యకు ఇచ్చిన మహర్ ఆమె సొంతం. ఆమె మనస్ఫూర్తిగా ఏదైనా ఇస్తేనే భర్త దాన్ని హాయిగా అనుభవించవచ్చని అన్ నిసా సూరా 4వ ఆయతు చెబుతోంది. పుట్టింటివారు పెట్టిన నగ కూడా ఆమెదే. మౌనాన్ని అంగీకారంగా లెక్కించి తూకం దుకాణానికి పరుగెత్తడం మన ఇళ్లలో మామూలైపోయింది. తర్వాత దస్తావేజులో పేరు మాత్రం భర్తది. "ఆమె ఇవ్వదలిస్తే రెండు దారులున్నాయి. దస్తావేజులో ఆమె వాటా రాయించు. లేదా నీ మీద అప్పుగా రాసి ఇవ్వు. ఆమె ఇవ్వదలచకపోతే ఆ మాట మళ్లీ ఎత్తవద్దు" అన్నాను. తల్లి కొంచెం నొచ్చుకుంది. "ఇంట్లో మనిషికి కాగితాలు దేనికి?" అంది. అప్పు రాసుకోమని ఆదేశించే ఆయతు (బఖరా, 282) ఖుర్ఆన్‌లోకెల్లా పొడవైన ఆయతని ఆమెకు చెప్పాను. రాత వల్ల బంధం తెగదు, అనుమానం తెగుతుంది. మేనమామ ఇచ్చే కర్జు కూడా రాసుకోవాలని చెప్పాను.

కొంపల్లి వైపు పెద్ద ఫ్లాటు బ్యాంకు లోనుతో తీసుకోవచ్చని స్నేహితులు అబ్బాయికి సలహా ఇచ్చారట. వడ్డీ గురించి ఖుర్ఆన్ హెచ్చరిక ఎంత తీవ్రమైనదో ప్రతి ముస్లింకూ తెలుసు. దునియా లెక్క కూడా చూడండి. 30 లక్షల రూపాయల అప్పు 9 శాతం వడ్డీకి 20 ఏళ్ల గడువుతో తీసుకుంటే నెలకు దాదాపు 27 వేలు కట్టాలి. మొత్తం కట్టేది 64 లక్షలు దాటుతుంది. తీసుకున్నదానికంటే వడ్డీయే ఎక్కువ. ఒక గది ఎక్కువ వస్తుంది నిజమే, కానీ ఓవర్‌టైం లేని నెలలో ఆ గదిలో నిద్ర పట్టదు. మరీ గత్యంతరం లేని పరిస్థితి ఉందనుకునేవారు స్నేహితులను కాదు, జామియా నిజామియా వంటి చోట ముఫ్తీలను కలిసి తమ పరిస్థితి పూర్తిగా వివరించి అడగాలి.

కాగితం, చెరువు

కాగితాల విషయంలో మనవాళ్ల అమాయకత్వం చూస్తే బాధ కలుగుతుంది. నోటరీ కాగితం మీద ఇల్లు కొని, ఇల్లు మనదైపోయిందనుకుంటారు. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం స్థిరాస్తి అమ్మకం రిజిస్టరు కావలసిందే. లింకు దస్తావేజులు, ఈసీ తీయించి చూడాలి. ఆ సర్వే నెంబరు 22-ఎ నిషేధిత జాబితాలో ఉందేమో చూడాలి. ప్రభుత్వ, వక్ఫ్ భూములు ఆ జాబితాలో ఉంటాయి. వక్ఫ్ భూమి మీద తెలిసి ఇల్లు కట్టుకుని అందులో నమాజు చేసేవాడు అల్లాహ్‌కు ఏమని జవాబిస్తాడు? రిజిస్ట్రేషన్ ఖర్చు కూడా మరవకూడదు. 2021 జూలైలో దీన్ని 6 శాతం నుండి 7.5 శాతానికి పెంచారు. ఆ లెక్కన 40 లక్షల ఇంటికి 3 లక్షలు.

ఇక నీటి సంగతి. ఈ ప్రాంతమంతా చెరువుల మధ్య పెరిగిన ఊరు. 2020 అక్టోబరు వానలకు కొంపల్లి పక్కనున్న ఫాక్స్ సాగర్ నిండి ఉమామహేశ్వర కాలనీ చాలా రోజులు నీళ్లలోనే ఉండిపోయింది. చెరువు నిండినప్పుడు నీరు నిలిచే హద్దును ఎఫ్.టి.ఎల్. అంటారు. 2012 నాటి భవన నిర్మాణ నియమాల ప్రకారం 10 హెక్టార్లు, అంతకు మించిన చెరువుకు ఆ హద్దు బయట 30 మీటర్లు, అంతకంటే చిన్న చెరువుకు 9 మీటర్లు ఖాళీగా వదలాలి. 2024 జూలైలో ఏర్పడిన హైడ్రా సంస్థ ఆ సెప్టెంబరులోనే మల్లంపేట కత్వ చెరువు దగ్గర కట్టిన విల్లాలను కూల్చింది. అమ్మినవాడు అమ్ముకుని పోతాడు. సామాను రోడ్డు మీద పెట్టుకుని కూర్చునేది కొన్నవాడి పిల్లలే.

పొరుగింటి పెద్దావిడ

ఈ అబ్బాయి చూసిన ఇంటి కాగితాలు సరిగానే ఉన్నాయి. చెరువు హద్దు బయటే ఉంది. గోడలు గట్టివేనని మేస్త్రీ అన్నాడు. బయానా ఇవ్వడమే తరువాయి. "ఒక పని మిగిలింది" అన్నాను. ఇంటికంటే ముందు పొరుగును చూడమని అరబ్బులలో ఒక నానుడి ఉంది. పొరుగువాడి హక్కుల గురించి జిబ్రీల్ (అలై) పదే పదే తాకీదు చేస్తుంటే, వారసత్వంలో కూడా వాటా ఇప్పిస్తారేమో అనిపించిందని ప్రవక్త (స) చెప్పారు. 60 గజాల ఇళ్లలో గోడకు గోడ ఆనుకునే ఉంటుంది. పక్కింట్లో పోపు పెడితే మనింట్లో తుమ్ములు వస్తాయి. అక్కడ పొరుగు సరిగా లేకపోతే ఇల్లు నరకమే. పొరుగు మంచిదైతే ఇల్లు రెండింతలవుతుంది. కూరలో నీళ్లు కాస్త ఎక్కువ పోసి పొరుగువారికి పంపమని ప్రవక్త (స) ఇచ్చిన ఉపదేశం పక్కింటివాడి మతం అడగదు.

కోడలు ఒక సాయంత్రం పిల్లలను వెంటబెట్టుకుని ఆ గల్లీకి వెళ్లింది. పక్కింటి అరుగు మీద పూలు కడుతున్న పెద్దావిడ పిలిచి కూర్చోబెట్టింది. హిందూ కుటుంబం. "ఇల్లు కొంటున్నారా బిడ్డా? మంచిదే. కానీ ఆ లోపలి గది గోడ మొన్ననే సున్నం వేశారు, చూశావా?" అంది. తన ఇంటి గోడ మీద నడుము ఎత్తున ఉన్న మరకను చూపించింది. 2020లో నాలా పొంగి నీళ్లు అక్కడిదాకా వచ్చాయట. ఆ తర్వాత కూడా పెద్ద వాన పడ్డ ప్రతిసారీ గడప దాటుతున్నాయట.

అమ్మేవాడు ఈ మాట చెప్పలేదు. ప్రవక్త (స) ఒకసారి బజారులో ధాన్యం రాశిలో చెయ్యి పెట్టి చూస్తే లోపల తడి తగిలింది. తడిసిన ధాన్యాన్ని జనం చూసేలా పైన ఎందుకు పెట్టలేదని అడిగి, మోసగించేవాడు మావాడు కాడని హెచ్చరించారు. కొత్త సున్నం వెనుక పాత తడిని దాచినా అదే మోసం. అమ్మేవాడు నమాజీ అయినంత మాత్రాన అది మోసం కాకుండా పోదు.

అబ్బాయి బయానా ఇవ్వలేదు. తల్లి వారం రోజులు కోడలితో సరిగా మాట్లాడలేదు. చేతికొచ్చిన ఇంటిని పోగొట్టిందని ఆమె కోపం. ఆ ఏడు వానాకాలంలో ఆ గల్లీలో మోకాలి లోతు నీళ్లు నిలిచాయని తెలిశాక ఆ కోపం తగ్గింది.

ఆలస్యం నష్టం కాదు

ఏ ముఖ్యమైన పనికైనా ముందు రెండు రకాతుల ఇస్తిఖారా నమాజు చేయడాన్ని ప్రవక్త (స) తమకు ఖుర్ఆన్ సూరా నేర్పినంత శ్రద్ధగా నేర్పేవారని హజ్రత్ జాబిర్ (రజి) చెప్పారు. కొందరు ఇస్తిఖారా చేసి కల కోసం ఎదురు చూస్తారు. కల రావాలని షరతు లేదు. మేలైతే సులభం చేయమని, కీడైతే దూరం చేయమని అల్లాహ్‌ను వేడుకుని, ఆ తర్వాత కళ్లు తెరుచుకుని విచారించాలి. ఆ పెద్దావిడ నోటి మాట కూడా అల్లాహ్ ఇచ్చిన జవాబే కావచ్చు.

ఏడు నెలల తర్వాత వాళ్లకు మరో ఇల్లు దొరికింది. ఇది 65 గజాలు. ఎత్తు మీదున్న గల్లీ. పిల్లర్లు ఉన్నాయి. మస్జిదు నడిచిపోయే దూరం. హాలు ఇంకా చిన్నది. దావత్‌కు పిలిచారు, వెళ్లాను. వంటగది పక్కన గాలి వచ్చే కిటికీ దగ్గర అమ్మీ మంచం. రెండు గదుల మధ్య మందపాటి పరదా. బీరువాకు గోడకు మధ్య మిగిలిన మూల ఒక ముసల్లా పట్టేంత చోటు. ఇళ్లను సమాధులుగా మార్చకుండా అక్కడ కూడా కొంత నమాజు చేయమన్న ప్రవక్త (స) మాటకు ఆ మూల చాలు. దస్తావేజు తెచ్చి చూపించాడు. అందులో భార్య పేరు కూడా ఉంది. "అమ్మీయే రాయించమంది హజ్రత్" అన్నాడు.

"ఇల్లు చిన్నదే కదూ?" అని తల్లి మొహమాటంగా అంది. భోజనాలకు మేం మగవాళ్లం హాలులో మోకాలికి మోకాలు ఆనించి కూర్చున్నాం. నిజంగానే చిన్నది. నాలుగేళ్లలో పైన గది పడకపోతే ఇంకా చిన్నదవుతుంది. ఆ మాట దాచకుండా చెప్పాను. నెలనెలా అందుకోసం కొంత పక్కన పెడుతున్నామని కోడలు లోపలి నుండి జవాబిచ్చింది.

ఇల్లు వెతుకుతున్న యువ దంపతులారా! గజాలు కొలవండి, కానీ గజాల దగ్గరే ఆగకండి. మీ ఇద్దరి సమ్మతి, పెద్దల సౌకర్యం, పిల్లల రేపు, హలాల్ డబ్బు, శుద్ధమైన కాగితం, వాన నీటి దారి, పొరుగు మనిషి, వీటన్నిటినీ కొలవండి. ఇవి సరిపోతే 60 గజాలు సరిపోతాయి. ఇవి సరిపోకపోతే 600 గజాలూ ఇరుకే. సరైనది దొరికేదాకా కిరాయి ఇంట్లో ఉండటం అవమానం కాదు.

అల్లాహ్ ఇల్లు లేనివారికి ఇల్లు, ఇల్లు ఉన్నవారికి అందులో ప్రశాంతి ప్రసాదించుగాక! ఫిరౌను రాజభవనంలో ఉంటూ కూడా స్వర్గంలో నీ దగ్గర ఒక ఇల్లు కట్టమని వేడుకున్న హజ్రత్ ఆసియా (అలైహస్సలాం)కు దక్కిన ఇంటి వంటి ఇంటిని మనందరికీ అనుగ్రహించుగాక! ఆమీన్.